బుగ్గ

మా దిక్కు బెలూనును బుగ్గ అంటరు.
లైటు గూడ బుగ్గే.
పసిపిల్లను ముద్దాడే జాగ గూడ బుగ్గే.
మూటికి ఒక్కటే పేరెందుకో
పదకొండేండ్లు అహ్మదీల పైపుల నడుమ తిరిగినా
ఎన్నడూ సోచాయించలే.

నాది బుగ్గల పని.
గ్యాసు పారే లైనును బందు వెట్టకుండనే
దాని వీపు మీద బొక్క వొడిచి
మడత వెట్టిన రబ్బరు బుగ్గను లోపటికి దింపుతం.
గాలి కొడితే ఉబ్బి పైపు గోడలకు కరుసుకుంటది.
ఆ దిక్కు గ్యాసు. ఈ దిక్కు దిల్‌బహదూర్ వెల్డింగు నిప్పు.
నడుమ బొటనవేలు మందం రబ్బరు.
నేను గేజీ ముంగట కూసుంట.
చెమట కండ్లల్ల వడ్డా తుడుసుకోను.
ముల్లు కదిలితే ఆరుగురం ఉండం.

ఎండలు ముదిరిన ఒక పొద్దు
ముల్లు రెండు ముల్లులైంది.
"ఆపున్రి" అని ఒర్రిన. అందరు ఉరికిన్రు.
ఫోర్మెన్ వచ్చి గేజీని గోరుతోని కొట్టి చూసిండు.
గేజీ మంచిగనే ఉన్నది.
చెడిపోయింది నేను.

"గడ్డను కోసి తీస్తం. తీసిన జాగ ఖాళీగ ఉంటది.
అంచులనే నమ్మలేం" అన్నది డాక్టర్ వఫా, మిస్రీ ఆమె.
కాయితం మీద గీసింది: సన్నటి గొట్టం,
ఒక కొసకు బుగ్గ,
ఇంకో కొస నెత్తి తోలు కింద అంగీ గుండీ లెక్క.
గుండీలకు సూది గుచ్చి మందు పోస్తరట.
మందు బుగ్గ దాటి రాదట, దాని వేడి దాటుతదట,
వేలు మందం దాక, అంతే.
"వేడి గాదు, కిరణాలు" అని తన మాటను తనే దిద్దుకున్నది.

నేనొక్కటే అడిగిన: "లీకు టెస్టు ఉంటదా?"
ఆమె నవ్వలే.
"ముందుగాల ఉప్పునీళ్లే పోస్తం. నిలిస్తేనే మందు."
నిలిస్తేనే. మా పనిల మాట అది.
సంతకం వెట్టిన.

ఇగ నేనే లైను.
గది నేల మీద పసుపుపచ్చ టేపు.
లిజిమోల్ సిస్టరు దాని అవుతలనే నిలవడి
పల్లెం ముందటికి తోస్తది.
ఆమె కోటు మీద చిన్న బిళ్ల,
నేను ఆమె ఒంట్లకు ఎంత పోయిన్నో లెక్క గట్టే బిళ్ల.
నా ఉచ్చ గూడ తాళమేసిన డబ్బాలకే పోతది.
కిటికీ అవుతల దుమ్ముగాలి, ఊరంత ఇటుక రంగు.
లోపట ఏం నొప్పి లేదు, అదే ఇచిత్రం.
నిప్పును మోస్తున్న, చల్లగ ఉన్న.

మూడోనాడు దిల్‌బహదూర్ వచ్చిండు.
పావుగంట ఇచ్చిన్రు. టేపు దగ్గర గొంతుక్కూసుండు.
ఏం మాట్లాడాలె?
జేబుల నుంచి సంత్ర తీసి నేల మీద దొర్లించిండు.
అది టేపు దాటి, మంచం గీరకు తాకి ఆగింది.
వొంగి తీసుకున్న.
బండిల ఎండకున్నట్టుంది, గోరువెచ్చగ.
వొలిచి, సగం వాపసు దొర్లిద్దామని
చెయ్యి లేపి, దించిన.
ఈ గదిలకు వచ్చింది ఏదైనా
మీటరు చూడకుంట బయటికి పోదు.
మొత్తం నేనే తిన్న. చూసుకుంట కూసుండు.

పదకొండేండ్లు నాకు వీపు తిప్పి
ముసుగుల మొకం దాసి నిప్పు పట్టినోడు,
ఒక్కనాడు మర్రి చూసి అడిగింది లేదు.
గా పొద్దు అడిగిండు:
"ముల్లు ఎట్లున్నది?"
"కదుల్త లేదు" అన్న.
నాకేం తెలుసు. ఈ గేజీ నాకు కనవడది.

రాత్రి ఫోన్ల సుగుణ.
ఆమెకు గొట్టం సంగతి చెప్పలే,
కంటి ఆపరేషనన్న.
నా ఎనుక లైటు ఆమె కండ్లకు కొడుతున్నదట.
"ఆ బుగ్గ బందు వెట్టి పండుకోరాదు?"
చెయ్యి నెత్తి మీదికి పోయింది.
"ఎల్లుండి దాక బందు గాదు" అన్న.
"అదేం దవాఖాననో" అని ఇంత సేపు తిట్టింది.

లేచి స్విచ్చు ఒత్తిన.
ఒక్కటే ఆరింది.