వంకర వేలు

ఈరీ సరస్సు ఒడ్డున ఆ జట్టు
రెండున్నర వేసవులు బతికింది.
ఓనరు పాత కార్ల వ్యాపారి.
అతనిచ్చిన జీతం చెక్కు
బ్యాంకు గోడకి తగిలిన బంతిలా
తిరిగొచ్చింది.

ఆఖరాట ఇదేనని ఎవరూ చెప్పలేదు.
అయిదో ఇన్నింగ్స్‌లో వాన. బస్సు రాలేదు.
క్యాచర్ బెర్నడీన్ మోకాలి ప్యాడ్లు విప్పకుండానే
టైర్ల ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టుకి నడిచిపోయింది.

జెర్సీ మసిగుడ్డయింది.
మిగిలింది చూపుడువేలు,
ఓపల్ విసిరిన బంతికి విరిగినది.
మబ్బు పట్టకముందే
సలుపుతుంది.

నలభై ఏళ్ళకి,
టోలీడో కిరాణా కొట్లో
కింది అరముందు గొంతుక్కూర్చుని
సూపు డబ్బాలు రెండని
కుర్రాడికి వేళ్ళు చూపించింది.

వెనక వరసలో ఎవరో ముసలావిడ
అడ్డంగా తలూపింది.

బెర్నడీన్ లేవలేదు.
వెనక్కి తిరక్కుండా
ఒక వేలు మడిచింది.