బూడిద పడని మూరెడు

షెఫీల్డ్‌లో చదునైన నేల కావాలంటే
బిలియర్డ్స్ బల్ల ఎక్కాలనేవాడు మా నాన్న.
మిగతా ఊరంతా ఎక్కుడో, దిగుడో.
పాలబండి కూడా మా వీధిలో
చక్రానికి ఇటుక అడ్డం పెట్టుకునే నిలబడేది.

అరవైమూడు చలికాలం.
క్రిస్మస్ మర్నాడు దిగిన మంచు
మార్చి దాకా ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెదారు.
కుళాయిలు గడ్డకట్టాయి. బడిలో మరుగుదొడ్లు గడ్డకట్టాయి.
ఇక రావద్దని హెడ్మాస్టరు చెప్పినరోజు
ఆయనంత మంచివాడు లోకంలో లేడనుకున్నాం.

మా జారుడుబండి నాన్న చేసిందే.
రోలింగ్ మిల్లులో మిగిలిన ఉక్కు పట్టీలు రెండు
కోటు లోపల వెన్నుకి కట్టుకుని తెచ్చాడు.
గేటు దాటేటప్పుడు కర్ర మింగినవాడిలా నడిచాడని
అమ్మ ఎన్నేళ్లు నవ్విందో.
పైచెక్కలు ఎవరిదో పాత అలమారావి.
ఒకదానికి తాళంచెవి కన్నం అలాగే ఉండేది.
బోర్లా పడుకుని జారితే
ఆ కన్నంలోంచి నేల పరిగెత్తడం కనపడేది.

విల్ఫ్‌కి బండి లేదు.
మేనమామ పబ్బులోంచి ఎత్తుకొచ్చిన రేకు పళ్లెం వాడి రథం.
సాయంత్రానికి బీరు కంపెనీ పేరు
వాడి లాగు వెనక తిరగేసి అచ్చయ్యేది.

మీర్స్‌బ్రుక్ పార్కు మీద నిలబడితే ఊరంతా కాళ్ల కింద.
దిగుతున్నకొద్దీ పొగగొట్టాలు ఒక్కొక్కటే లేచి
ఆకాశాన్ని మూసేసేవి.
బోల్ హిల్స్ మీద గాలి
కళ్లలోంచి నీళ్లు తీసి చెవుల్లో పోసేది.
అక్కడ గ్లెనిస్ ముందుపన్ను ఒకటి ఇప్పటికీ ఉండాలి,
గడ్డివేళ్ల మధ్య ఎక్కడో.
వెతికాం.
మంచులో తెల్లటిదాన్ని వెతకడం ఎంత తెలివో
చీకటిపడ్డాక తెలిసొచ్చింది.

అన్నిటికన్నా ఇష్టం మాత్రం మా వీధే.
మా శత్రువు మిసెస్ ఓల్డ్‌రాయిడ్.
పొయ్యిలో బూడిద బకెట్టుకెత్తుకుని
ఇంకా వెలుగు రాకముందే వచ్చేది.
రాత్రంతా గడ్డకట్టి గాజయిన వాలు మీద
విత్తనాలు జల్లినట్టు జల్లుకుంటూ పోయేది.
కిటికీల వెనక మేం పళ్లు నూరేవాళ్లం.
ముసలమ్మకి చర్చికి దారి కావాలట!

గోడవార మాత్రం మూరెడు మేర
ఎప్పుడూ బూడిద పడేది కాదు.
బకెట్టు చాలలేదనుకునేవాళ్లం.
కొవ్వొత్తి ముక్కలు పట్టీలకి రుద్దుకుని
దానిమీదే జారేవాళ్లం, ఒకరి వెనక ఒకరం,
మోచేతులు గోడకి గీసుకుంటూ
ఆమె పిసినారి పొయ్యిని వెక్కిరిస్తూ.

తర్వాత ముప్ఫైయెనిమిదేళ్లు బస్సు నడిపాను.
అవే వాలులు, ఈసారి బ్రేకు మీద కాలుతో.
ఏ మలుపులో ఒళ్లు తేలిపోతుందో
నా పొట్టకి ముందే తెలుసు.
ఒక ఫిబ్రవరి సాయంత్రం బస్సు ఎక్కలేక మొరాయించింది.
జనం తిట్టుకుంటూ దిగి నడిచిపోయారు.
ఎదురుగా మనిషి లేని వాలు.
డ్రైవరు సీటు మెత్త ఊడొస్తుందని నాకు తెలుసు.
ఆ పైన జరిగింది డిపోలో ఎవరికీ చెప్పలేదు.

ఈ జనవరిలో మళ్లీ పడింది.
ఎక్కువేం కాదు, చెప్పు మునిగేంత.
మోకాలు మార్చిన డాక్టరు
పడ్డావో నా పూచీ లేదన్నాడు.
ఉప్పు బకెట్టు పట్టుకుని గుమ్మం దిగాను.
సగం వీధి చల్లేసరికి
ఎదురింటి అబ్దిరహీం, వాడి చెల్లి హోదన్,
ఎర్ర ప్లాస్టిక్ తట్ట చెరోవైపు పట్టుకుని
చూస్తున్నారు నన్ను.
ఆ చూపు నాకు తెలుసు.
అది నాదే.

గోడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది.
బకెట్టులో ఉప్పు ఇంకా సగం ఉంది.
మిసెస్ ఓల్డ్‌రాయిడ్ బకెట్టులోనూ
ఉండే ఉంటుంది.

బకెట్టు వెనక్కి దాచుకుని
"ఉప్పు అయిపోయిందర్రా" అన్నాను,
వీలైనంత పిసినారి గొంతుతో.