పింగు

కాశీబుగ్గలో మా మేడమీద
మూడు రాత్రుల్నుంచి పింగు తొమ్మిదొందల తొంభై తొమ్మిది.
ఆపైన అంకెలు దానికి రావు కాబోలు.
ఆటలో నా బొమ్మ ఒక గోడకి మొహమానించి
పరిగెడుతూనే ఉంటుంది.
గోడ అక్కడే. నేనూ అక్కడే.
వెరావల్ నుంచి పోలిగాడి గొంతు మాత్రం
ముక్కలు ముక్కలుగా వస్తుంది:
"ఒలే నీలా... ఎనక్కి... ఎనక్కి సూ..."
చూసేసరికి చచ్చి ఉంటాను.

మొదటి రాత్రి రూటర్ ఆర్పి, ముప్ఫై లెక్కపెట్టి వెలిగించాను.
ఫోన్ కూడా ఆర్పాను. మళ్లీ తెరవబోతే
వేలిముద్ర సరిపోలలేదంది.
జీడి చమురు తినేసిన వేళ్లు మరి.
రేషన్ మిషనుదీ ఇదే మాట,
నేను నేనేనని ఎవరికని చెప్పుకోను.
నాలుగంకెలు కొట్టి లోపలికెళ్లాను.
ఎరుపు.

రెండో రాత్రి దుప్పట్లో దొంగ దొరికాడు.
తమ్ముడు, ఏదో రెండు జీబీల సినిమా దించుకుంటున్నాడు.
తొడపాశం పెట్టాను. ఆపాడు.
ఎరుపు కాస్త నారింజైంది,
ఆవులించి మళ్లీ ఎరుపైంది.
రూటర్ని బియ్యం డబ్బా మీంచి దేవుడి అరలోకి మార్చాను.
పొద్దున్న అమ్మ దానికీ ఓ బొట్టు పెట్టింది.

మూడోనాడు చీకటి పడ్డాక కేబుల్ తవుడు వచ్చాడు
నోట్లో టార్చి కరుచుకుని, భుజం మీద నిచ్చెనతో.
మేడ చివర మేకు దగ్గర ఆగిపోయాడు.
నోట్లోంచి టార్చి తీసి అడిగాడు:
"దీన్మీద సీరలారేత్తన్నారేటి?"
అమ్మ పలకలేదు.
నల్ల తీగ మీద రెండు చీరలు, ఓ లంగా,
పనికేసుకెళ్లే నా నైటీ
నీళ్లోడుతున్నాయి.
"ఇది తాడు గాదు సిన్నమ్మా, లోన గాజుంటాది.
మరీ వొంచేత్తే ఎలుగు కారిపోతాది."
తోలు ఒలిచి చూపించాడు. వెంట్రుక!
మా పప్పు మీది పొరే దానికన్నా లావు.
పోలిగాడు నాతో మాట్లాడేది దీన్లోంచా?

అతికాడు. పోతూ పోతూ
గుప్పెడు జీడిపలుకులు జేబులో పోసుకున్నాడు.
నలభై రెండు. ఆకుపచ్చ.

పరిగెత్తాను. గోడ దాటాను.
గోడ అవతల బావి ఉందని ఇవాళే తెలిసింది.
బావి పక్కన పోలిగాడు,
తుపాకీ కిందికి దించి, ఒక కాలు గాల్లో.
"పోలిగా, నాది బాగైపోనాదిరా!"
కాలు దించలేదు.
"పోలిగా?"
వాడి తలమీద చిన్న చక్రం, తిరుగుతోంది.

అప్పుడు వెతికాను. మధ్యాహ్నమే పంపాడు,
చేతులు గుల్లల్లో ఉండి నేను వినలేదు:
"రేత్రికి బోటెల్లిపోతాది.
ఒడ్డు దీపాలు కనపడినంతసేపే నేనుంటాను.
మజ్జిలో ఆగిపోతే నీ రూటర్ని తిట్టకు."

తవుడికి ఫోన్ చేసి అడగాలనిపించింది,
సముద్రంలో ఎవరు ఆరేశారు చీరలని.

నీలం వలయం ముడుచుకొస్తోంది.
వదిలేసి పరిగెడితే బతుకుతాను,
నలభై రెండుతో ఎవడినైనా కొడతాను.
వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.
పొదల్లోంచి ఒకడొచ్చాడు, కొట్టాను.
ఇంకొకడు ఆ గాల్లో కాలు చూసి
నవ్వుకుంటూ ఆగి ఉంటాడు. వాణ్నీ కొట్టాను.
తర్వాత నీలం వచ్చి ఇద్దరి మీదా పడింది.
వాడి కాలు అప్పటికీ గాల్లోనే ఉంది.

పదకొండు రోజులకి, గుల్లల గుట్ట ముందు,
ఫోన్ ఒక్కసారి వెలిగింది.
తాళం తియ్యకుండానే చదివేంత చిన్న మాట:
"గెలిసేమేటే?"

వేలు పెట్టాను.
సరిపోలలేదంది.
నైటీకి తుడుచుకుని
మళ్లీ పెట్టాను.