మినుము చేలో గీత

పొద్దున ఏడింటికి ఎగరేశాం డ్రోను.
నీడలు పొడుగ్గా ఉన్నప్పుడే
నేల తన ఎగుడుదిగుళ్ళు ఒప్పుకుంటుంది.
మధ్యాహ్నం అడిగితే బుకాయిస్తుంది.

ముమ్మిడివరం దాటాక, గౌతమి గట్టు కింద,
సార్వా కోసిన దుబ్బుల్లో చల్లిన మినుము.
నీళ్ళు పెట్టరు. మంచూ, అడుగు తడీ, అంతే దానికి.
వరి ఉన్నన్నాళ్ళూ ఇక్కడ ఏమీ కనబడదు,
నిండా తాగిన చేను
అన్నిటినీ ఒకే పచ్చ కింద కప్పేస్తుంది.
దాహం వేస్తేనే మొక్క నోరు విప్పేది.

కింద ఇటుక గోడ ఉంటే
వేరు జానెడు దిగి ఆగిపోతుంది,
ఆకు ముందే పండుతుంది: లేత పసుపు గీత.
కింద పూడిన కందకం ఉంటే
వేరుకి ఇంకో వారం తాగడానికి దొరుకుతుంది: ముదురు గీత.
పదకొండేళ్ళుగా ఈ రెండక్షరాలే
నా ఉద్యోగం.

మూడు దొరికాయి ఆ ఉదయం.

మొదటిది వలయం. చెయ్యి తిరిగినవాడు గీసినట్టు.
'స్తూపం' అని రాసి
పక్కన ప్రశ్నార్థకం చిన్నది పెట్టాను.
చేను కౌలుకి చేసే యేసురత్నంగారు ట్యాబ్ అందుకుని
ముందు తన సైకిల్ని వెతుక్కున్నాడు,
గట్టు మీద, చీమంత.
"ఇదాండీ? మా గేది కట్టుకొయ్యండీ.
రెండేళ్ళు అక్కడే తిరిగి మేసి, అక్కడే పేడేసిందండీ."
నా స్తూపం వ్యాసార్ధం
ఒక పలుపు పొడవు.
నవ్వాను. ఆయన నవ్వలేదు.
గేదెని మొన్న ఆషాఢంలో అమ్మేశాడట.

రెండోది నిటారు పసుపు గీత,
ఇరవై రెండు మీటర్లు పోయి, మూల తిరిగి, మళ్ళీ మూల తిరిగి.
గేదె ఇలా తిరగదు.
"ఆ మూలే గదండీ నాకు బస్తా తక్కువొచ్చేది!
మూడేళ్ళు జింకు చల్లేను, అప్పు చేసి."
"అది గోడండీ. పాతది."
"ఎవరిదండీ?"
"తెలీదు."
"మరి నా జింకు?"

మూడోది బోదె పక్కన, ముదురుగా,
నాలుగు బారల వెడల్పు, అంచులు కొంచెం వంకర.
పూడిన కందకం, అని కొట్టేశాను అప్పటికే.
ఆయన వేలు పెట్టాడు. తెర పెద్దదైంది.
ఒక్కో మొక్కా విడివిడిగా కనబడేదాకా
వేలు తియ్యలేదు.

"తొంభయ్యారు తుపానండీ.
పేటలో గొడ్లన్నీ అక్కడే.
మా నాన్నా ఇంకో తొమ్మండుగురూ
మూడ్రోజులు తవ్వేరండీ, ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని.
అరవై దాకా లెక్క రాసేరు. తర్వాత రాయలేదు."
కాసేపాగి,
"ఇప్పటికీ ఏదేసినా ఏపుగా వస్తదండీ అక్కడ.
ఆ గింజలు అమ్మేత్తాం. తినం."

మొక్క అబద్ధమాడదు, నిజమే.
ఏ ప్రశ్నకి జవాబు చెబుతోందో మాత్రం చెప్పదు.

ఫారంలో గడులున్నాయి: రూపం, కొలత, కాలం.
కాలం దగ్గర నొక్కితే
శతాబ్దాలు వరసగా జారాయి కిందికి.
నవంబరు లేదు.

డ్రోను దిగింది. రెక్కల గాలికి
మినుము ఆకులు ఒకసారి వెనక్కి తిరిగి తెల్లగా మెరిసి
సర్దుకున్నాయి.
"తవ్వుతారాండీ ఆ గోడని?"
"అనుమతి రావాలి. ఏడాదో, రెండేళ్ళో."
ఆయ్, అన్నాడు, సైకిలు స్టాండు తీస్తూ.
"అయితే ఈ యేటికి ఆ మూల జింకు మానేత్తానండీ."