ఆలస్యానికి కారణం

కమిషనరేట్ వ్యాన్లకెళ్ళి పొద్దుగాల దిగినయి
మూడు అట్టపెట్టెలు.
దస్తకత్ పెట్టి తీసుకున్న.
లాప్‌టాప్ తెర మీది ప్లాస్టిక్ ఊడదీస్తుంటే
హోంగార్డు రాజకొంరు అన్నడు:
"ఉడకబెట్టిన గుడ్డు పెచ్చు తీసినట్టే ఉన్నది పాణి సార్."

పాతదాన్ని కండెం చెయ్యాలె.
పన్నెండేండ్లు నా చూపుడువేళ్ళు అరగదీసింది ఇది.
ఏ మీట మీదా అక్షరం మిగలలే,
ఎంటర్ మీట ఊడితే అగ్గిపుల్ల విరిచి చెక్కిన.
ఆన్ చేస్తే లోపల విసుర్రాయి తిరిగేది,
తెర లేచేసరికి రెండు చాయలు అయ్యేటియి.
ఏటా దసరాకు
తుపాకుల పక్కన దీన్నీ తుడిచి
పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టినం.
డబ్బా నెత్తిన ఆ కుంకుమ ఇంకా ఉన్నది,
ఎండి, ఇటుకపొడి లెక్క.

ఏమేం ఎక్కలే ఇందుల:
రాయపర్తి తొవ్వల లారీ గుద్దిన బర్రె,
నకిలీ పత్తిగింజలు, మొలవని రెండెకరాలు,
కల్లు మండువ కాడ పగిలిన నెత్తి,
రాత్రికి రాత్రి మాయమైన బాయిమోటరు,
పాస్‌బుక్కు పోయిందని ఒక ముసలాయన ఏడుపు.
ఏడుపు టైపు కొట్టరాదు,
"పోయినది" అని కొట్టిన.

అందరూ దీన్ని తిట్టిండ్రు. నేనూ తిట్టిన.
కానీ పోయేముందు ఒక మాట చెప్పాలె,
దీనికంటె మంచి దోస్తు లేడు నాకు.
ఎస్సై లేని రోజు,
నాకు మనసున పట్టని రోజు,
పైకెళ్ళి ఫోనొచ్చిన రోజు
"సిస్టం స్లో ఉన్నదమ్మా, రేపు రా" అంటే
పక్కన కూసొని విన్నది,
ఎన్నడూ "అబద్ధం" అనలే.

ఐటీ సెల్ కానిస్టేబుల్ తబస్సుమ్
బాయిలకెళ్ళి బాయిలకు నీళ్ళు తోడినట్టు
పాతదాన్ల సరుకు కొత్తదాన్లకు తోడుతున్నది.
"నంబరు పడ్డ కేసులన్నీ పైన సర్వర్ల ఉన్నయి సార్.
గీ తెర మీదియి తీసెయ్యాల్నా?"

న్యూ ఫోల్డర్ నాలుగు.
లోపల ఒక్కటే ఫైలు, సగం కొట్టింది.

"బోడ చాంది, భర్త బోడ హర్యా.
ఏనుమాముల మార్కెట్‌కు పద్నాలుగు బస్తాల మిర్చితో
పోయిన నా భర్త..."
ఆడికే ఆగింది.

పోయినేడు మార్చి.
బల్ల ముందట నిలబడ్డది, కొంగుకు మిర్చి ఘాటు.
నేను మూడుసార్లు తుమ్మిన.
తెలుగుల చెప్పినంత చెప్పి
మిగిలింది వాళ్ళ భాషల చెప్పింది,
అది ఎవలకు చెప్పిందో.
మర్నాడొచ్చింది. సిస్టం స్లో.
సోమవారమొచ్చింది. సిస్టం స్లో.
ఆ సోమవారం తెర మంచిగనే వెలుగుతున్నది.
నాలుగోసారి రాలే.
బస్సు కిరాయి ఒడిసిందో, మనిషే దొరికిండో
అనుకున్న.
అనుకునుటానికి కరెంటు అక్కెరలేదు.

"హార్డ్‌డిస్కుకు డ్రిల్లుతో తూట్లు పొడుస్తం సార్,
ఒక్క అక్షరం మిగలది."
ధైర్యం చెప్పినట్టే అన్నది తబస్సుమ్.
"ఆగు బిడ్డా" అన్న.

కొత్తది తొమ్మిది సెకండ్లల్ల లేచింది.
దడుసుకున్న.
ఎంత కొట్టినా చప్పుడు లేదు.
పేరడిగింది, ఇచ్చిన. తండా అడిగింది, ఇచ్చిన.
మనిషి పోయిన తారీఖు అడిగింది.
ఇయ్యాల్టి తారీఖు అదే ఏసుకున్నది.
రెండిటి నడుమ పదమూడు నెలలు.
ఇగ ఒక గడి కాడ ఆగి
సన్నగీత ఆరుకుంట వెలుగుకుంట ఉన్నది:
ఫిర్యాదు ఆలస్యానికి కారణం.

వైర్లు పీకేసి
గోడకానుకొని ఉన్నది పాతది, నెత్తిన కుంకుమతోటి.
అలవాటు కొద్ది దాని దిక్కు చూసిన.

కొత్త మీటలు.
అన్ని అక్షరాలూ కనబడుతున్నయి.