సోమవారం రసీదు

అగదెజ్ బస్టాండు వెనక
పన్నుల ఆఫీసులో పన్నెండేళ్లు ముద్ర కొట్టాను.
సోమవారం వస్తే చాలు
ఇసుక రంగు పికప్ బళ్లు బారులు తీరేవి.
బండికి పాతికమంది,
అంచున గుచ్చిన కర్రలను పట్టుకుని, కాళ్లు బయటకు వేలాడేసి,
పక్కన గోనెగుడ్డ చుట్టిన నీళ్ల డబ్బాలు.
రిస్సా అందరికన్నా ముందు వచ్చేవాడు.
తలకింత అని లెక్కపెట్టి
నా టీ కోసం ఇంకో నాణెం బల్ల మీద పెట్టేవాడు.
నేను రసీదు చింపి ఇచ్చేవాణ్ణి.
ముందు సైన్యం జీపు, వెనక వీళ్లు.
దాన్ని మేం ప్రయాణం అనేవాళ్లం.

ఓ మంగళవారం రాజధాని నుంచి కాగితం వచ్చింది.
రోడ్డు మారలేదు, బండి మారలేదు,
ఎక్కేవాళ్ల ఆకలీ మారలేదు.
"ప్రయాణికులు" అని ఉండాల్సిన చోట
"భద్రతకు ముప్పు" అని ఉంది.
మా అధికారి రెండుసార్లు చదివి
కళ్లజోడు తుడుచుకున్నాడు.
"ఇక దీని మీద మాటల్లేవోయ్.
మాట్లాడుకోడానికి ఇది సమస్య కాదిప్పుడు."

రిస్సాను మార్చిలో పట్టుకున్నారు.
సాక్ష్యంగా చూపింది నా రసీదులే,
నా సంతకం, నా ఊదా సిరా.
నన్నెవరూ ఏమీ అడగలేదు.
నేనూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మిగిలిన డ్రైవర్లు చీకట్లో కదిలారు.
బావుల దగ్గర సైనికులున్నారు గనక
బావుల్లేని దారిన పోయారు.
తాడును పామని ఒక్కడు అరిస్తే చాలు
పదిమంది కర్రలతో దిగుతారు.
ఆ తాడు చివర చేద ఉందని,
చేద కోసం ఎవరో దోసిలి పట్టి ఉన్నారని
కొట్టేవాడికెందుకు?

జూన్‌లో ఇసుకలో దొరికినవాళ్లు
ముప్పై నలుగురు.
పేర్ల గడి ఖాళీ.
ఆ అంకె పట్టుకుని మళ్లీ ఓ కాగితం:
చూశారా ఈ దారి ఎంత ప్రమాదమో,
కాపలా ఇంకా పెంచాలి.

భయం అబద్ధమని నేననను.
తుపాకులు మోసిన బళ్లూ ఆ దారిన పోయాయి, నాకు తెలుసు.
నాకూ పిల్లలున్నారు, రాత్రి గడియ వేసుకుంటాను.
వేసేముందు మాత్రం
ఎవరదీ అని అడుగుతాను.
ఆ కాగితంలో
ఆ ఒక్క మాటకీ చోటు లేదు.

నిన్న రిస్సా కూతురు గైషా వచ్చింది.
పెరట్లో తుప్పుపట్టే నాన్న బండికి
ఈ ఏడు కూడా పన్ను కట్టాలా అంది.
రూలు చూశాను.
కట్టాలమ్మా, అన్నాను.
నాణేలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
రసీదు చింపబోతుంటే
వద్దు, అంది.