ఖాళీ సున్నా

వాన తెరిపివ్వని అపియావ్ దీవిలో
రాత్రి రెండింటికి ఆరోగ్య కేంద్రం తలుపు బాదారు.
ఉన్ని దుప్పటి విప్పితే బెనిల్దా, ఎనిమిది నెలలది,
పొట్ట నిండా తొడల నిండా దద్దుర్లు,
అంచులెర్రగా, నడిమి పాలిపోయి,
ఆటు తీశాక బురదలో తేలే తిన్నెల్లా.

"నిన్న పొద్దున గుడ్డు పెట్టాను"
నేరం ఒప్పుకుంటున్నట్టు అంది ఎర్సిరా.
కొత్త ఉన్ని చొక్కా వల్లే అన్నాడు తండ్రి.
అవ్వ ఒటీలియా చేతిలో సదాప రెమ్మ,
ఆమె లెక్కలో ఇది పడవవాడి దిష్టి.

నేను ముందు పెదవులు చూశాను.
నాలుక చూశాను.
ఊపిరి విన్నాను: ఈల లేదు, గొంతులో గరగర లేదు.
వాంతులా? లేవు.
మెడ వాల్చేసిందా, మత్తుగా ఉందా?
దానికి బెనిల్దాయే జవాబిచ్చింది,
నా స్టెతస్కోపు గుంజి నోట్లో పెట్టుకుని.

ఇందులో ఒక్కటి తప్పినా
ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాను.
తొడలోకి అడ్రినలిన్ సూది,
రేడియోలో నా కేక,
నల్లటి నీళ్ల మీద కాస్ట్రో దాకా పడవ.

గాజు గ్లాసు ఆనించి నొక్కాను,
ఎరుపు పారిపోయింది. తీశాను, వచ్చేసింది.
పారిపోని ఎరుపంటేనే నాకు వణుకు.

తూకం వేసి, రేడియోలో డాక్టరు చెప్పినంత సిరప్
బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా వదిలాను.
చొక్కా తీయించి, చల్లటి తడిగుడ్డ పరిచాను.
ఆ తరవాత పెన్ను తీసి
ఎడమ తొడ మీది దద్దురు చుట్టూ ఒక సున్నా గీశాను.
"ఇదెందుకు?" అంది ఎర్సిరా.
"కాపలా" అన్నాను.

తెల్లారేసరికి సున్నా ఉంది, దద్దురు లేదు.
అద్దె ఎగ్గొట్టినవాడిలా సామాను సర్దుకుని
వీపు మీదికి కాపురం మార్చేసింది.
తిరగనివ్వు, ఒకచోట రోజు దాటి కూర్చుంటే
అప్పుడు చెప్పు, అన్నాను.

"మరి గుడ్డు?"
పదిసార్లు తిన్న గుడ్డు.
దాని కోపం అయితే రాత్రి దాకా ఆగేదా?
పోయిన వారం నాలుగు రోజులు కారిన ముక్కు
గుర్తుందా, అదీ కావచ్చు.
ఏదీ కాకపోవచ్చు. చాలాసార్లు మాకూ తెలియదు.
తెలియదన్న మాటకి
ఆమె మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది.

ఆరో రోజు బరువు చూడటానికి తెచ్చింది.
ఒళ్లంతా నున్నగా ఉంది.
తొడ మీద సున్నా మాత్రం, వెలిసిపోయి, అలాగే.
రోజూ స్నానం చేయిస్తోందట,
అక్కడ మాత్రం రుద్దలేదట.